నంబరు 1 నియోజకవర్గం, ఓటు వేయలేని మనం

రంగూన్ నుంచి రాస్తున్నాను.

ఆంధ్రలో నియోజకవర్గాల లెక్క మన ఇచ్ఛాపురంతోనే మొదలు, నంబరు 1. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మండలాలు. పక్కనే సముద్రం, ఊరి నిండా కొబ్బరితోటలు. అయినా కుర్రాళ్లు ఊళ్లో నిలవరు. ఉన్నవాళ్లలో ఎందరికో కిడ్నీ జబ్బు.

ఎన్నికలొస్తే నాయకులు మనకి వాట్సాప్ కాల్ చేస్తారు. "మీ ఇంట్లోవాళ్లకి చెప్పు బాబూ" అంటారు. మరి నా ఓటు సంగతేటి అంటే ఫోన్ కట్!

2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్నోళ్లకీ ఓటిచ్చారు. ఫారం 6ఎ నింపితే పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరెక్కుతుంది. వేయాలంటే మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని ఆ బూత్‌కే వెళ్లాలి. 2024 మే 13న సెలవు దొరికి, టికెట్ కొనుక్కుని వెళ్లగలిగినోడు మనలో ఎవడు? ఇదే రంగూన్‌లో మన ఎంబసీ ఉద్యోగికి పోస్టల్ ఓటు ఉంది. వెల్డర్‌కి లేదు. మన బదులు ఇంకొకరు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటకుండానే 2019లో మురిగిపోయింది.

దూరంగా ఉన్నోడికి ఊరి గొడవ ఎందుకంటారు. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దని బీల కోసం నిలబడితే కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ బీల మనది కాదా? ఇంట్లో మందుల డబ్బు పంపేది మనం కాదా?

ఈసారి ఫోన్ చేసినోడిని ఒక్కటే అడగండి: మా ఓటు గురించి అసెంబ్లీలో, పార్లమెంటులో నోరిప్పుతావా? అందాకా అందరం ఫారం 6ఎ నింపుదాం. జాబితాలో పేరే లేనోడిని ఎవడు లెక్కపెడతాడు?