చెట్టు తలకు వైద్యం

మనిషికి జబ్బు చేస్తే డాక్టరు వచ్చి నాడి చూస్తాడు. ఎద్దుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు వస్తాడు. మరి, 60 అడుగుల ఎత్తున ఉండే కొబ్బరిచెట్టు తలకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?

నెల్లూరు సముద్రతీరాన మైపాడు, కోడూరు, ఇసకపల్లి వైపు వెళితే సరుగుడుతోపులూ, తాళ్లూ, కొబ్బరిచెట్లూ కనిపిస్తవి. చెట్లెక్కడమే వృత్తిగా గలవాళ్లు ఆ పక్క పల్లెలలో ఉన్నారు. వాళ్లు కాయలు దించేవాళ్లని మాత్రమే మనం అనుకుంటాము. కాని చెట్టుకు వైద్యం చేసేదీ వాళ్లే.

ఆ వైద్యం తెలియాలంటే ముందు చెట్టు ప్రాణం ఎక్కడ ఉన్నదో తెలియాలి. కథలలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడో చిలకలో ఉంటుంది గదా? కొబ్బరిచెట్టు ప్రాణం దాని తలలో, మట్టల నడుమ దాగిన మొవ్వులో ఉంటుంది. కొత్త ఆకు పుట్టేది అక్కడే. బాగా పెరిగే చెట్టుకు ఇంచుమించు నెలకొక ఆకు వస్తుంది. మామిడిచెట్టు తల నరికితే పక్కనుంచి కొమ్మలు చిగురిస్తవి. కొబ్బరిచెట్టుకు మొవ్వు ఒక్కటే. అది చస్తే చెట్టు చచ్చినట్టే. తాడిచెట్టు సంగతీ అంతే.

మరొక తేడా కూడా ఉన్నది. మామిడి, వేప, మర్రి వంటి చెట్లకు బెరడు కింద పలచని సజీవమైన పొర ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ పొర చుట్టూ పెరిగి క్రమంగా గాయాన్ని కప్పివేస్తుంది. కొబ్బరికీ, తాటికీ ఆ పొర లేదు. వాటి మాను మీద ఇవాళ కత్తితో గాటు పెడితే, చెట్టు బతికినన్నాళ్లూ ఆ గాటు మూయదు. అందుచేత తెలిసినవాడెవడూ కాలు మోపడానికని మానుకు గాట్లు పెట్టడు.

మరి పైకి ఎలా వెళతాడు? దానికి మోకు ఉన్నది. మోకు అంటే చెట్టునూ, మనిషి నడుమునూ కలిపి చుట్టివచ్చే గట్టి తాడు. పాదాలకు మరొక చిన్న బందం ఉంటుంది. అతను వెనక్కు వాలేసరికి ఒంటి బరువంతా మోకు మీద పడి, అది మానును ఒరుసుకుని బిగుసుకుంటుంది. ఒరిపిడి వల్ల జారదు. అప్పుడు కాళ్లు పైకి తీసుకుంటాడు. పాదాల బందం మానును పట్టుకోగానే ముందుకు వంగుతాడు. మోకు వదులవుతుంది. దాన్ని పైకి ఎగవేస్తాడు. మళ్లీ వాలతాడు. స్తంభానికి తాడు చుట్టి బిగించి లాగితే అది కదలదు, వదులు చేస్తే జారిపోతుంది. ఆ సూత్రమే ఇక్కడ మనిషిని మోస్తున్నది.

అతని దగ్గర పదునైన కత్తి, దాన్ని నూరే సానరాయి, సన్నని ఇనుపకొక్కెం కూడా ఉంటవి. పొద్దున్నే మోకును పురి పురికీ తడిమి చూసుకున్న తరవాతనే చెట్టు దగ్గరికి పోతాడు. నేల వేడెక్కి సముద్రపు గాలి జోరు అందుకోకముందే పెద్ద చెట్లు ముగించాలి. వానపడి మాను నానితే ఎక్కడు.

"పక్కకు పోండిరా, కాయలు పడతాయి!" అని పైనుంచి కేక వస్తుంది.

"పోయాం, పెద్దయ్యా!" అని పిల్లలు బదులు చెప్పాలి. ఆ మాట వినపడితే గాని కత్తి ఆడదు.

ఇక వైద్యం చూద్దాము. విచ్చుకున్న కొబ్బరాకు ఎవరో కత్తెరతో కోణంగా కత్తిరించినట్టు కనిపించిందంటే, అది కొమ్ముపురుగు పని. ఆకు ఇంకా చుట్టుకుని మొవ్వులో ఉండగానే ఆ నల్లటి పురుగు తొలుచుకుంటూ పోతుంది. తరవాత ఆకు విచ్చుకుంటే కోత బయటపడుతుంది. వైద్యుడు కన్నంలోకి కొక్కెం పంపి, పురుగును గుచ్చి బయటికి లాగుతాడు. మొవ్వు చుట్టూ ఉన్న మట్టల సందులలో వేపపిండీ, ఇసకా కలిపి పోస్తాడు. ఈ పురుగు పిల్లలు పెరిగేది పెంటకుప్పలలోనూ, కుళ్లిన మానులలోనూ. కనుక చెట్టుకు వైద్యం చేసి కింద పెంటకుప్పను వదిలేస్తే సగం పనే అయినట్టు.

దీనికన్న ప్రమాదకరమైనది ఎర్రముక్కు పురుగు. దాని పిల్లలు మాను లోపలే ఉండి తింటవి. పైకి చిన్న కన్నమూ, దానినుంచి కారే గోధుమరంగు రసమూ మాత్రమే కనిపిస్తవి. అప్పుడు అతను మానుకు చెవి ఆనించి వింటాడు. లోపల పురుగులు కొరికే చప్పుడు వినపడుతుంది! డాక్టరు రోగి రొమ్ముకు గొట్టం ఆనించి వినడంలేదూ? ఈ పురుగు గుడ్లు పెట్టడానికి పచ్చి గాయాలు వెతుక్కుంటుంది. పెళ్లిపందిరికి పచ్చిమట్ట కొట్టవలసి వచ్చినా, మానుకు 4 అడుగుల దూరంలో కొట్టాలి గాని మొదలంటా కొట్టరాదని చెప్పడం ఇందుకే.

మూడోది మొవ్వుకుళ్లు. ఇది వానల కాలపు జబ్బు. నెల్లూరు సీమకు ఎక్కువ వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఈశాన్య రుతుపవనాల వల్ల వస్తవి. అప్పుడు మొవ్వాకు వడలి, లాగితే చేతికి ఊడివచ్చి, కుళ్లువాసన కొట్టిందంటే ఆలస్యం చేయరాదు. వైద్యుడు కుళ్లిన భాగమంతా కత్తితో తీసివేస్తాడు. కొంచెం మిగిల్చినా జబ్బు తిరగబెడుతుంది. కొంచెం ఎక్కువ కోసినా ప్రాణం ఉన్న మొగ్గే తెగిపోతుంది! అంత ఎత్తున, ఒక్క తాటి మీద వాలి నిలబడి, ఎక్కడ ఆగాలో తెలుసుకుని కత్తి ఆపాలి. కోసినచోట బోర్డో ముద్ద పూసి, కొత్త ఆకు వచ్చేదాకా వానచుక్క పడకుండా పైన కప్పుతాడు.

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిపక్క ద్రాక్షతీగలకు మైలుతుత్తమూ, సున్నమూ కలిపి చల్లేవారు. పోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా చేసిన ఉపాయం అది. ఆ తీగలకు మాత్రం తెగులు సోకకపోవడం మిలార్డె అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో ఆ మందు సంగతి లోకానికి తెలియజేశాడు. దొంగలకు పెట్టిన మందు తెగులుకు మందయింది! మందు సరిగా కుదిరిందో లేదో చూడాలంటే అందులో మెరిసే ఇనుపకత్తి ముంచాలి. ఎర్రగా రాగిపూత పట్టిందంటే ఇంకా సున్నం కలపాలి. మైలుతుత్తం విషం. పిల్లలు దాన్ని ముట్టరాదు.

మొవ్వు పూర్తిగా కుళ్లితే ఏ మందూ పనిచేయదు. 20వ శతాబ్దపు మొదటి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాళ్లు ఈ జబ్బుతో విపరీతంగా చచ్చినవి. ఈ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశీలించాడు. జబ్బుచెట్ల తలలు నరికించి కాల్పించారు. ఆ తలలదాకా ఎక్కవలసినవాళ్లు మోకు గలవాళ్లే గదా!

తుఫాను వెళ్లిన మర్నాడు కూడా ఊరు వీళ్లవంకే చూస్తుంది. 1989 నవంబరులో థాయిలాండును దాటి, బంగాళాఖాతం మీదుగా వచ్చిన పెనుతుఫాను కావలి దగ్గర తీరం తాకింది. అటువంటి గాలి తరవాత విరిగిన మట్టలతో వేలాడే చెట్లన్నీ కిందినుంచి చచ్చినట్టే కనిపిస్తవి. మొవ్వు పచ్చగా ఉన్నదో లేదో ఎక్కి చూస్తే గాని తెలియదు. బతికినదానికి విరిగిన మట్టలు తీసి, మొవ్వుకు మందు కొడతారు. తొందరపడి నరికితే, మళ్లీ అంత చెట్టు పెరగడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది.

ఇందరు చెట్లను కాచే ఈ మనిషిని కాచేది ఏది? ఒక్క మోకే. అది తెగినా, జారినా నడుము విరిగి మంచాన పడినవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లున్నారు. అందుకే ఈ పనికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువకులకు చెట్టెక్కే యంత్రం మీద శిక్షణ మొదలుపెట్టింది. తెలంగాణలో 2024లో తాళ్లెక్కేవాళ్లకు రక్షణ పరికరాలు ఇవ్వడం ఆరంభించారు. యంత్రం మనిషిని పడకుండా పట్టగలదు. కాని కన్నం దగ్గర చెవిపెట్టి వినడమూ, మొవ్వు దగ్గర కత్తి ఆపడమూ మనిషే నేర్చుకోవాలి.

ఈసారి మీరు కొబ్బరిచెట్టు కింద పోతున్నప్పుడు తల ఎత్తి ఆకులను చూడండి. కత్తెర కోతలు కనపడితే ఇంట్లో పెద్దలకు చెప్పండి. పైనుంచి "పక్కకు పోండిరా!" అని కేక వినపడితే వెంటనే దూరంగా జరిగి, గట్టిగా బదులు చెప్పండి. ఆ బదులు కోసమే పైన ఒక కత్తి ఆగి ఉంటుంది.