ఇంటికి పంపిస్తే బాధ్యత తీరిందా?

సైన్యంలో చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉందని డాక్టర్లే రాసిస్తారు. శిక్షణలో జబ్బు పడితే పనికిరాదని ఇంటికి పంపేస్తారు. మధ్యలో జరిగిన దానికి బాధ్యులెవరు?

1985 నుంచి సుమారు 500 మంది ఆఫీసర్ క్యాడెట్లు ఇలా వైద్య కారణాలతో వెనక్కి వచ్చారు. వాళ్ళకి మాజీ సైనికులన్న గుర్తింపు లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు చేపట్టాక, ఆ నెలాఖరుకి మాజీ సైనికుల వైద్య పథకం వాళ్ళకీ వర్తింపజేశారు. అడిగేవాళ్ళుంటేనే కదలిక!

ఇప్పుడు ఆడపిల్లలూ వెళ్తున్నారు. 2023 మార్చిలో ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో 273 మంది అమ్మాయిలు అగ్నివీరులుగా శిక్షణ ముగించారు. రేపు మన ముదినేపల్లి పిల్లా వెళ్ళొచ్చు. ఆ పిల్ల జబ్బుతో తిరిగొస్తే? కొడుకైతే 'పాపం' అనే ఊరు, కూతురైతే 'ఏం రోగమో' అంటుంది. పెళ్ళి సంబంధాల దాకా ఆ మాట వెంటాడుతుంది.

చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసు వల్లే వచ్చినట్టు భావించాలనీ, కాదని రుజువు చేయాల్సింది యాజమాన్యమేననీ 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో, వికలాంగ పెన్షన్ విషయంలో, సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ అమ్మాయిని ఓదార్చి ఊరుకోవద్దు. మెడికల్ బోర్డు కాగితాల నకళ్ళు అడిగి తెచ్చుకోమందాం. లాయరు దగ్గరికి తోడు వెళ్దాం. సిగ్గుపడాల్సింది ఆమె కాదు.