క్షమాపణ అడిగిందెవరు?

క్షమించండి, క్షమించండి అని మాకు చెప్పేవాళ్ళు ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి. మమ్మల్ని క్షమాపణ అడిగిందెవరు? ఎప్పుడడిగారు? ఏ రచ్చబండ మీద నిలబడి అడిగారు? అడగనివాడికి ఇచ్చేదాన్ని క్షమ అనరు, లొంగుబాటు అంటారు. లొంగుబాటు మాకు కొత్త కాదు. దాన్ని నేర్చుకోడానికి మా తాతలు బాప్తిస్మం తీసుకోనక్కర్లేదు. అది ఊరే నేర్పింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మా ఇంట్లో డిగ్రీ కాయితం చూసిన మొదటివాణ్ణి. మా నాయిన పెద్ద రైతు దగ్గర జీతానికున్నాడు. మా అమ్మకి అక్షరం ముక్క రాదు గానీ బైబిలంతా చెవుల్లోనే ఉంటది. చిన్నప్పుడు నేను కూడబలుక్కుని చదువుతుంటే తప్పు చదివిన చోటల్లా ఆమే సరిదిద్దేది. కాబట్టి ఇది బయటివాడి మాట కాదు. మతమంటే మత్తుమందు అనేసి పక్కకి తప్పుకునే పెద్దమనుషుల మాట అసలే కాదు. మా చర్చి బల్ల మీద కూర్చుని ముప్పై ఏళ్ళు విన్నవాడి మాట.

మా ప్రాంతానికి క్రైస్తవం ఎట్టా వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతకు కొన్నేళ్ళ ముందు ఎర్రగుంట్ల పేరయ్య వెంట నడిచినవాళ్ళు ఏం చేశారు? చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. మీ జాతరకి డప్పు కొట్టమన్నారు. దానికి ఊరి పెద్దల చేత దెబ్బలు తిన్నారు. అంటే మా పల్లెలోకి ఏసు 'మేం రాం' అనే మాటతో వచ్చాడు. 'పోనీలే' అనే మాటతో రాలేదు. ఈ 'పోనీలే' ఎప్పుడు దూరిందో, ఎవరికోసం దూరిందో మనం అడగాలి.

డెబ్బై ఏళ్ళ మారులు అని పాస్టర్లందరూ చెబుతారు. డెబ్బైని ఏడుతో గుణిస్తే నాలుగొందల తొంభై అని మా ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కానీ అది మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఎక్కడుంది? దాని పైన ఏముంది? నీకు అన్యాయం చేసినవాడి దగ్గరికి ముందు నువ్వే వెళ్ళి, నువ్వు చేసింది తప్పని మొహమ్మీద చెప్పమని ఉంది. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షుల్ని తీసుకుపొమ్మని ఉంది. అప్పటికీ వినకపోతే సంఘమంతటి ముందు పెట్టమని ఉంది. ఇన్ని మెట్లు దాటాక నాలుగొందల తొంభై. లూకా సువార్త పదిహేడో అధ్యాయమైతే మరీ సూటిగా ఉంది. తప్పు చేసినవాణ్ణి మందలించాలి, వాడు పశ్చాత్తాపపడితే క్షమించాలి. మెట్లు రాయకుండా జవాబు ఒక్కటే రాస్తే నేను పిల్లలకి మార్కులెయ్యను. ఎవణ్ణో చూసి కొట్టాడని తెలిసిపోద్ది. మన ప్రసంగాల్లో మెట్లేవి? ఈ జవాబు ఎవర్ని చూసి కొట్టారు?

మా బాబాయి సంగతి చెబుతాను. 2013లో మా వాడలో ఒక ముసలామె చచ్చిపోతే శ్మశానానికి మోసుకుపోతున్నారు. దారి ఒక పెద్ద రైతు చేలగట్టు పక్కనుంచి. అది పూర్వం నించీ ఉన్న దారే. వరి తొక్కుతున్నారని గొడవ పెట్టి ఆయన కొడుకు పారకర్రతో కొట్టాడు. పెట్టెకి దెబ్బ తగలకుండా బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద ఎముక రెండు ముక్కలైంది. కులం పేరుతో తిట్టిన తిట్లు నేను రాయను, మీకు తెలుసు. అట్రాసిటీ కేసు పెట్టాం. మర్నాటినించీ మావాళ్ళకి కూలి బందు. కొట్లో అప్పు బందు. పాల కేంద్రంలో మా పాలు తీసుకోవడం బందు.

నెల తిరక్కుండా పాస్టరుగారొచ్చారు, సంఘపెద్దలతో. రైతు రాలేదు, కొడుకూ రాలేదు. చర్చి స్లాబుకి సిమెంటిచ్చింది ఆ రైతేనని మాకు తర్వాత తెలిసింది. క్రీస్తు శిలువ మీద కూడా క్షమించాడు గదా నాయనా అన్నారు పాస్టరుగారు. బాబాయి చదువుకోలేదు. అయినా ఆయనన్న మాట ఏ వేదాంత కళాశాలలోనూ నేను వినలేదు.

"ఆ అబ్బాయినొచ్చి అడగమనండి అయ్యగారూ. అడగందే ఎట్టా ఇచ్చేది?"

ఎవరూ వచ్చి అడగలేదు. ఈ చట్టం కింది కేసు సంతకం పెట్టి రాజీ చేసుకునే కేసు కాదు. అందుకని దానికి దారి వేరే ఉంది. కోర్టులో బోనెక్కి, 'ఎవరు కొట్టారో నాకు గుర్తులేదు' అని చెప్పాలి. చూడండి, బైబిలు పట్టుకొచ్చిన పెద్దమనుషులు మా బాబాయిని అడిగిందేమిటో! అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమాడితే క్షమించినట్టంట. నిజం చెబితే పగబట్టినట్టంట. క్షమ నిజాన్ని చంపి బతకాల్సి వస్తే అది ఏ దేవుడిచ్చిన క్షమ? మూడేళ్ళు కూలి లేకుండా ఉన్నాక బాబాయి గుర్తులేదని చెప్పాడు. కేసు కొట్టేశారు. ఆ యేడే శ్మశానం దారికి కంపకొట్టారు.

అక్కడితో అయిపోలేదు. చెయ్యి వంకరగా అతుక్కుంది, పైకి లేవదు. స్వస్థత కూటానికి తీసుకుపోయారు. నూనె రాశారు, ప్రార్థన చేశారు. చెయ్యి లేవకపోయేసరికి, నీ గుండెలో ఇంకా చేదు ఉంది, అందుకే స్వస్థత రాలేదు అన్నారు. విరగ్గొట్టినవాడు హాయిగా ఉన్నాడు. విరిగినవాడి గుండెలో పాపం వెతుకుతున్నారు! ఎముక సరిచెయ్యకుండా కట్టు కడితే వంకరగానే అతుక్కుంటుంది. కట్టు కట్టే ఏ ముసలాయన్నడిగినా చెబుతాడు. ఊరికీ వాడకీ మధ్య విరిగింది కూడా ఎముకే. దాన్ని సరిచెయ్యకుండా పైన స్తోత్రం అనే గుడ్డ చుడితే మానదు.

ఇదే మందు మా ఇళ్ళల్లోని ఆడవాళ్ళకి కూడా తాగిస్తున్నారు. ఈ మాట రాస్తే మావాళ్ళకే కోపమొస్తుంది, రానివ్వండి. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర్నించి మా అక్క మూడుసార్లు పుట్టింటికొచ్చింది. మూడుసార్లూ సంఘపెద్దలు క్షమించమ్మా అని ఆమెనే వెనక్కి పంపారు. తాగుడు మానమని, కొట్టనని పదిమందిలో ఒప్పుకోమని బావని ఒక్కసారీ సంఘం ముందు నిలబెట్టలేదు. రైతు మాకు చేసిందే మనం మన ఆడవాళ్ళకి చేస్తున్నాం. మాల చర్చి వేరే, మాదిగ చర్చి వేరే కట్టుకుని ఒకే రొట్టె గురించి పాడుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సమాధానం ఇంట్లోనించి మొదలెట్టండి, కానీ మెట్లెక్కి మొదలెట్టండి.

క్షమ గురించి చెప్పేటప్పుడు గ్లాడిస్ స్టెయిన్స్ పేరు ప్రతి పాస్టరూ చెబుతాడు. చెప్పాల్సిందే. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌నీ, పసివాళ్ళయిన ఇద్దరు కొడుకుల్నీ జీపులో తగలబెట్టారు. ఆ తల్లి క్షమించానంది. గొప్ప మనసు. కానీ మిగతా సగం ఎందుకు చెప్పరు? ఆమె క్షమించిందని కేసు ఆగలేదు. దారాసింగ్‌కి పడిన యావజ్జీవ శిక్షని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె గుండె పని ఆమె గుండె చేసింది, కోర్టు పని కోర్టు చేసింది. మా దగ్గరికొచ్చేసరికి రెండూ కలిపేసి, గుండె పేరు చెప్పి కోర్టు తలుపు మూస్తారు.

ఆ తలుపు మాకు ఎంత తెరుచుకుందో కూడా చూడండి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పదహారేళ్ళకి, 2007లో, ఆ ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరిప్పుడు చుండూరు వితంతువులు ఎవర్ని క్షమించాలి? క్షమించడానికైనా చంపినవాడొకడు ఉండాలి గదా! ఇంకో విడ్డూరం. క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. కర్ర పట్టుకున్నోడికి మేం మాలామాదిగలం. చట్టం కావాల్సొస్తే క్రైస్తవులం. చర్చిలో క్షమించాల్సి వచ్చినప్పుడు మరీ క్రైస్తవులం.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి వాడిన మాట ఋణం. అప్పంటే ఏమిటో మాకెవరూ చెప్పక్కర్లేదు. మా నాయిన జీతం ఎప్పుడూ అప్పు కిందే పోయింది. ఆ పుస్తకం రైతు చేతిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క రూపాయి క్షమించబడలేదు, వడ్డీతో సహా వసూలైంది. ఇప్పుడు మొదటిసారి అప్పు వాళ్ళ పేరు మీద పడింది. రక్తం అప్పు. పుస్తకం మా చేతికొచ్చిన రోజునే అప్పులన్నీ కొట్టెయ్యడం భక్తి అయిపోయిందా?

మేం క్షమించమని కాదు. పగ మొయ్యడం మాకూ బరువే. పొద్దున్నే లేచి ఆ చేలోకే పోవాలి, ఆ రోడ్డు మీదే నడవాలి. కానీ క్షమించే అధికారం దెబ్బ తిన్నవాడిది. పాస్టరుది కాదు, సర్పంచిది కాదు, సిమెంటిచ్చినవాడిది అసలే కాదు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మేం నాలుగింతలు అడగడం లేదు. కంప తీసెయ్యండి. పోయిన మూడేళ్ళ కూలి లెక్కగట్టండి. వాడలోకొచ్చి, చేసింది చేశామని పేరు పెట్టి చెప్పండి. మా సాక్షిని నిజం చెప్పనివ్వండి. ఆ తర్వాత క్షమాపణ అడగండి.

ఇవ్వాలో వద్దో అప్పుడు మా బాబాయి చెబుతాడు.