పంక్తిలో చివరి విస్తరి

దానం చేసేవానికి శ్రద్ధతోపాటు సిగ్గు, భయం కూడా ఉండాలని తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి బోధిస్తుంది. ఇచ్చేవానికి సిగ్గెందుకని శిష్యులు అడిగినప్పుడు, అహంకారం కలుగకుండుటకని చెబుతూ వచ్చాను. దాని అర్థం నాకు పూర్తిగా తెలిసినది గత కార్తికంలోనే.

ఆనాడు మా ఆలయంలో అన్నసంతర్పణ. కొండమీది ఆవాసాల నుండి దిగివచ్చిన గిరిజన కుటుంబాలవారు అందరూ లేచేవరకు చెట్టుకింద నిలబడి, చివరి పంక్తిలో కూర్చున్నారు. వారిని ఎవరూ ఆపలేదు. ఎవరూ పిలువనూ లేదు. నేనూ పిలువలేదు. భోజనానంతరం ఒక తల్లి నా వద్దకు వచ్చి, "పంతులుగారూ, కడుపునిండా తిన్నాం. మా పిల్లలకి పుట్టిన కాయితాలు నేవు. ఎవరితోనైనా చెప్పి ఇప్పించండి బాబూ" అన్నది. నా వద్ద సమాధానం లేదు.

1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. గర్భిణిని డోలీలో మోసుకురావలసిన చోట, ఇంటిలోనే పురుడు పోసుకున్న తల్లికి ఈ గడువును ఎవరు చెప్పారు? 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు, ఆధార్‌కు, ఓటుకు జనన ధ్రువపత్రమే ఆధారమైనది. మా రావికమతం మండలంలోని గిరిజన ఆవాసాలు అనేకం ఐదవ షెడ్యూలు ప్రాంతానికి వెలుపల ఉన్నవి. గిరిజనుల భూమిని కాపాడే 1/70 నిబంధన అక్కడ వర్తించదు. అటువంటివారికి చేతిలోని కాగితమే రక్ష.

అర్చకునికి ఈ కార్యాలయాల ప్రసక్తి ఎందుకని కొందరు పెద్దలు అనవచ్చు. అర్చనకు ముందు మనం గోత్రనామాలు అడుగుతాము. పేరు చెప్పనిదే సంకల్పం సాగదు. భగవంతుని ముందు పేరు ఇంత ముఖ్యమైనప్పుడు, ప్రభుత్వ పుస్తకంలో పేరెక్కని బిడ్డను గూర్చి మనకు చింత ఉండవద్దా?

తిరుప్పాణాళ్వారుపై రాయి విసిరిన లోకసారంగముని, శ్రీరంగనాథుని ఆజ్ఞతో ఆయననే భుజాలపై మోసి సన్నిధికి తెచ్చాడు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథాలయంలో చిలుకూరు అర్చకులు రంగరాజన్ ఒక దళిత భక్తుని భుజాలపై మోసి ఆ గాథను మన కాలానికి తెచ్చారు. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానాలు దళిత గోవిందం పేరిట స్వామిని దళితవాడలకు తీసుకువెళ్లాయి. ఇవి వందనీయమైన కార్యాలు. కాని ఉత్సవం ఒకనాటిది. గౌరవం నిత్యం కావలసినది. అన్నం ఆ పూట ఆకలిని తీరుస్తుంది. హక్కు చేతికందితే మనిషి మరొకరి వాకిట నిలువనవసరం లేదు.

కనుక అన్నసంతర్పణ జరిపే ఆలయాల పెద్దలకు నా విన్నపం. కొండ నుండి వచ్చినవారిని మొదటి పంక్తికి మీరే స్వయంగా పిలువండి. అదే రోజున పంచాయతీ కార్యదర్శిని, ఆశా కార్యకర్తను ఆహ్వానించి, పేరు నమోదు కాని బిడ్డల వివరాలు వ్రాయించండి. దరఖాస్తు వ్రాయగల విద్యావంతులు ప్రతి గ్రామంలోనూ ఉన్నారు. ఇందుకు హుండీ సొమ్ము అక్కరలేదు, ఒక పూట తీరిక చాలు.

వచ్చే కార్తికంలో మా పంక్తి ఆ విధంగానే మొదలవుతుంది. చెట్టుకింద నిలబడినవారిని పిలువని నా నోటితోనే, ముందుగా వారిని పిలుస్తాను.