తాళం జేబులోనే ఉంచండి
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మనుషులతో పాటు కార్లూ రోజుల తరబడి నీళ్లలోనే నానాయి. నీరు తీశాక మనలో చాలామంది చేసే మొదటి పని ‘స్టార్ట్ అవుతుందేమో’ అని తాళం తిప్పి చూడటం. నన్నడిగితే వరద కంటే ఆ ఒక్క తిప్పుడే ఖరీదైనది. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా అణగదు. పిస్టన్ నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. కాంప్రహెన్సివ్ బీమా పాలసీ వరద నష్టానికి పరిహారం ఇస్తుంది కానీ, ఇలా చెడిన ఇంజిన్‌ను ‘మీరు చేజేతులా చేసుకున్నదే’ అని కంపెనీ తోసిపుచ్చవచ్చు. ఇంజిన్ ప్రొటెక్షన్ అదనంగా తీసుకున్నవాళ్లకే కాస్త ఊరట. చట్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి పైసా రాదు. షోరూంలో సీటు కవర్ల కోసం గంటసేపు బేరమాడే మనం, పాలసీ కాగితానికి రెండు నిమిషాలు కేటాయించం. చెరువులు పూడ్చి, వాగుల ఒడ్డున ఇళ్లు కట్టుకున్న ఊళ్లలో ఆ అదనపు కవర్ విలాసం కాదు, వానాకాలపు గొడుగు. కారు మునిగిందా? ఫొటోలు తీయండి, కంపెనీకి ఫోన్ చేయండి, టోయింగ్ బండిని పిలవండి. తాళం జోలికి మాత్రం పోకండి.