పూలు లెక్కపెట్టి ఇవ్వండి!

రష్యాలో ఎవరికైనా పూలివ్వాలంటే ముందు లెక్క రావాలి. ఒకటి, మూడు, అయిదు, ఏడు... ఇలా బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. 'జంటగా ఉంటే బాగుంటుంది కదా' అని రెండో నాలుగో ఇచ్చారో, అయిపోయిందే! సరిసంఖ్యలో పూలు అక్కడ చనిపోయినవాళ్లకు. పసుపుపచ్చ పూలూ వద్దు. మనకు పసుపంటే శుభం. అక్కడ చాలామందికి అది ఎడబాటుకు గుర్తు. ఎంబీబీఎస్ కోసం వెళ్లే మన పిల్లలకు కాలేజీలో అనాటమీ నేర్పుతారు గానీ, ఈ లెక్కలు ఎవరూ నేర్పరు.

వెళ్లిన కొత్తలో అందరికీ వచ్చే అనుమానం ఒకటే. 'వీళ్లు నవ్వరేంటి?' అని. మెట్రోలో నవ్వరు, షాపులో నవ్వరు. అది కోపం కాదు, పొగరు అంతకన్నా కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లను చూసి నవ్వడం వాళ్ల అలవాటు కాదు. కారణం లేని నవ్వు తెలివితక్కువకు గుర్తని అక్కడ సామెతే ఉంది. అదే మనిషి స్నేహం కుదిరాక కడుపుబ్బ నవ్విస్తాడు.

మాటల దగ్గర మాత్రం మనం అదృష్టవంతులం. ఇంగ్లిషు వాళ్లకు ఉన్నది ఒక్క 'యూ'. రష్యన్‌లో మనలాగే రెండున్నాయి. 'వీ' అంటే మీరు, 'తీ' అంటే నువ్వు. ఎప్పుడు ఏది అనాలో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లెక్చరర్‌ని పేరుతోపాటు తండ్రి పేరూ కలిపి పిలవాలి. ఇవాన్ పెత్రోవిచ్ అంటే ప్యోత్ర్‌గారబ్బాయి ఇవాన్. దగ్గరివాళ్లయితే అలెక్సాందర్ కాస్తా సాషా అయిపోతాడు, మరీయా మాషా అవుతుంది. విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొని చదివిన తరానికి ఈ పేర్ల తికమక గుర్తుండే ఉంటుంది.

స్నేహానికీ మెట్లున్నాయి. ముఖపరిచయం ఉన్నవాడు 'జ్నకోమి'. కలిసి తిరిగేవాడు 'ప్రియాతెల్'. ఆ పైమెట్టు మీద ఉండేవాడు 'ద్రూగ్'. ఆ మాట అందరికీ వాడరు. ద్రూగ్ అంటే అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోకూడదు. అవసరానికి డబ్బు సర్దాలి. 'నువ్వు చేసింది తప్పు' అని మొహం మీదే చెప్పాలి. మనం మొహమాటానికి 'చూద్దాంలే' అంటాం. వాళ్లు దాన్ని అక్షరాలా నమ్మి ఎదురుచూస్తారు. చేయలేకపోతే 'చేయలేను' అనేయడమే మేలు.

ఇంటికి పిలిస్తే గుమ్మం దాటగానే చెప్పులు విప్పాలి. ఇది మనకు తెలిసిందే. వట్టి చేతులతో వెళ్లకూడదు, గడపకు అటూ ఇటూ నిలబడి చేయి కలపకూడదు. ఇవీ మన నాయనమ్మలు చెప్పేవాటి లాంటివే. కబుర్లన్నీ వంటింట్లోనే. టీ మీద టీ తాగుతూ ఏ అర్ధరాత్రి దాకానో సాగుతాయి.

ఇక ప్రేమ సంగతి. అమ్మాయికి కోటు తొడిగించడం, బస్సు దిగేటప్పుడు చేయందించడం, హోటల్లో బిల్లు కట్టడం అక్కడ మగవాళ్ల కనీస మర్యాద. మన అమ్మాయిలు దీన్నే ప్రేమనుకుంటే చిక్కే. మార్చి 8న అమ్మకూ, టీచరుకూ, పక్కింటావిడకూ కూడా పూలిస్తారు. 1965లో సోవియట్ ప్రభుత్వం ఆ రోజును సెలవుగా ప్రకటించింది, ఇప్పటికీ సెలవే. కాబట్టి పువ్విచ్చిన ప్రతివాడూ ప్రేమికుడు కాదు.

మరి నిజంగానే ప్రేమైతే? అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ పెళ్లి మామూలుగా ఆ ఇద్దరి నిర్ణయం. 'జాగ్స్' అనే రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెడితేనే చట్టం ఒప్పుకుంటుంది. అమ్మానాన్నల దీవెన సంతోషమే, కాకపోతే కులం, గోత్రం, జాతకం ఏమీ అడ్డురావు. మన కుర్రాడి చదువు ఆరేళ్లు. ఇంటిదగ్గర సంబంధాలు చూస్తున్న సంగతి ఆ అమ్మాయికి చెప్పడు. ఈ అమ్మాయి సంగతి ఇంట్లో చెప్పడు. డిగ్రీ చేతికొచ్చాక 'మా ఇంట్లో ఒప్పుకోరు' అంటాడు. మన దగ్గర ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఆమెకు అర్థం కాదు. 'మరి నువ్వేమంటావ్?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా విమానం ఎక్కేయడం సంస్కృతుల తేడా కాదు, మోసం.

అందుకే పరిచయం ప్రేమగా మారుతున్న రోజుల్లోనే ఉన్నదున్నట్టు చెప్పేయాలి. మాట సూటిగా ఉంటే వాళ్లు బాధపడినా గౌరవిస్తారు. ఇక్కడున్న తల్లిదండ్రులూ ఫోన్‌లో 'తిన్నావా, చలిగా ఉందా' దగ్గరే ఆగిపోకుండా, 'అక్కడ నీ స్నేహితులెవర్రా?' అనీ అడగండి. అడిగాక, చెప్పింది విని గాభరా పడకండి. భయం లేని ఇంట్లో పిల్లలు నిజం దాచరు. ఇంట్లో నిజం చెప్పగలిగినవాడు, ఏ దేశంలో ఉన్నా ఇంకొకరికి అబద్ధం చెప్పాల్సిన పని ఉండదు.