చెరగని లెక్కలో మొదటి అక్షరం ఎవరిది?

హ్యాకథాన్ అనే మాట ఈమధ్య మన పల్లెల్లోకి కూడా వచ్చింది. ఇంజనీరింగు చదివే పిల్ల ఇంటికి ఫోను చేసి "ఈ శని, ఆదివారాలు రాను, హ్యాకథానుకు పోతున్నా" అంటే తల్లికి అదేం తిరణాలో అర్థం కాదు. పేరు చూసి దడుచుకోవాల్సిన పనేం లేదు. కంప్యూటరు చదివే పిల్లలు జట్లుగా కూర్చొని, ఒక సమస్య తీసుకొని, ఒకటి రెండు రోజుల్లో దానికో ప్రోగ్రాము తయారుచేసి పెద్దల ముందు చూపించే పోటీ అది. కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అని ఒకటి నడుపుతోంది. జట్టుకు ఆరుగురు, అందులో ఒక్క ఆడపిల్లయినా ఉండి తీరాలి. సాఫ్ట్‌వేరు జట్లకు ఆఖరి పోటీ 36 గంటలు. ఇక కంపెనీలు, కాలేజీలు పెట్టేవి లెక్కలేనన్ని. వాటిలో బ్లాక్‌చెయిన్ పోటీలూ ఉంటున్నాయి.

వీటి మీద మన ఉద్యమంలో రెండు మాటలు వినపడుతున్నాయి. ఇదంతా కార్పొరేట్ల మాయ, మన పిల్లలతో రెండు రాత్రులు వెట్టి చేయించుకొని తెలివి పట్టుకుపోతారని కొందరు. వాదాలు మనకెందుకు, సర్టిఫికెట్టు వస్తే ఉద్యోగం వస్తది గదా అని ఇంకొందరు. మొదటివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. రెండోవాళ్ల ఆకలి నాకు తెలుసు. అయినా నేను మన పిల్లలు పోవాలనే అంటాను, అందులోనూ బ్లాక్‌చెయిన్ పోటీకి తప్పకుండా పోవాలంటాను. ఎందుకంటే అక్కడ తయారవుతున్నది లెక్కల పుస్తకం. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో కరణాల కాలం నుంచీ అనుభవించిన వాళ్లం.

సంగతేమిటంటే, డ్వాక్రా గ్రూపు పుస్తకం లీడరు ఇంట్లోనే ఉంటే ఆమె రాసిందే లెక్క. అదే పదిమంది సభ్యుల దగ్గరా పది నకళ్లు ఉంటే? పైగా ప్రతి పేజీ మీదా దాని ముందు పేజీ తాలూకు వేలిముద్ర లాంటి గుర్తు ఒకటి ఉందనుకోండి. దాన్ని హ్యాష్ అంటారు. ముందు పేజీలో ఒక్క సున్నా మార్చినా ఆ వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది, తర్వాతి పేజీతో అతకదు, మిగతా తొమ్మిదిమంది పట్టేస్తారు. పేజీకి పేజీ గొలుసులా కట్టి ఉంటుంది కనుక బ్లాక్‌చెయిన్ అన్నారు. 2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో బిట్‌కాయిన్ కోసం దీన్ని రాసి బయటపెట్టారు. 2009 జనవరి నుంచి అది నడుస్తోంది. (కాయిన్లు కొనండి, ఆర్నెల్లలో రెట్టింపు అంటూ ఊళ్ల మీదికొచ్చే వాళ్లది ఇది కాదు. అది పాత గొలుసుకట్టు మోసమే. కూలి డబ్బులు వాళ్ల చేతిలో పోయకండి.) ఇవన్నీ మనకందని విద్యలని ఎవరన్నా అంటే, రూపాయి సమస్య మీద అంబేద్కర్ 1923లోనే లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడని చెప్పండి.

ఇప్పుడు మన భూముల దగ్గరికి వద్దాం. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ కంపెనీ క్రోమావేతో కలిసి భూమి రికార్డుల్ని బ్లాక్‌చెయిన్‌లో పెట్టి చూస్తామని ప్రకటించింది. ఇట్లా చేస్తే రికార్డు ఎవడూ దిద్దలేడు అన్నది ఈ పద్ధతికి చెప్పే గొప్ప. బాగానే ఉంది. మరి మొదట ఎక్కించే రికార్డు ఏది? తహసీల్దారు ఆఫీసులో ఉన్న అడంగలే గదా! అందులో మన తాతకిచ్చిన డి-పట్టా ఇవాళ ఎవరి పేరున ఉంది? అసైన్డు భూమి అమ్మినా కొన్నా చెల్లదు, చేతులు మారితే తిరిగి అసైనీకో వారసులకో ఇప్పించాలి అని 1977లోనే చట్టం చేశారు. ఆంధ్రలో 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు సడలింపు ఇచ్చారు గానీ, అంతకుముందే సారా బాకీకో పెళ్లి ఖర్చుకో పోయిన ఎకరాల మాటేమిటి? ఆ తప్పుడు పేరుతోనే మొదటి పేజీ రాస్తే అబద్ధానికి పదిమంది సాక్షులు దొరికినట్టు. అప్పుడు దిద్దమని అడిగినా "రికార్డు దిద్దకూడదమ్మా, అదే దీని గొప్ప" అంటారు.

తెలంగాణ ధరణి బ్లాక్‌చెయిన్ కాదు, అయినా దాన్ని చూసి నేర్చుకోవచ్చు. 2020 అక్టోబరు 29న అది వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ లేకుండా వచ్చింది. నేల దున్నుతున్న మనిషి పేరు ఎక్కడ రాయాలి? గడే లేదు! 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి తెచ్చారు. ఈ మధ్యకాలంలో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల చెప్పులు ఎన్ని అరిగాయో! గడి ఉండాలా వద్దా అన్నది కంప్యూటరు తేల్చలేదు. ఒక గదిలో కూర్చున్న మనుషులు తేల్చారు. అట్లాంటి గదుల్లోకి పోయే దారిలో హ్యాకథాన్ ఒక మెట్టు.

మా బడిలో చదివిన ఒక మాదిగ పిల్ల ఇప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు. ఈమధ్య ఒక కాలేజీలో పెట్టిన బ్లాక్‌చెయిన్ పోటీకి తన జట్టుతో తొలిసారి పోయింది. సొంత ల్యాప్‌టాపు లేదు, స్నేహితురాలిది పట్టుకుపోయింది. పక్క జట్టువాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "నీ ర్యాంకెంత?" ఆ ప్రశ్న అడిగేది దేనికో మన పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు. భూమి రికార్డుల సమస్య తీసుకున్న తక్కిన జట్లు "ఎవరూ మార్చలేని రికార్డు" చేసి చూపించాయి. ఈమె జట్టు మాత్రం అభ్యంతరం అని ఒక గడి పెట్టింది. పట్టా మీద తగాదా ఉంటే ఆ తగాదా కూడా చెరగకుండా పేజీ మీద నిలవాలి, గ్రామసభలో విచారణ అయ్యేదాకా అమ్మకం కదలకూడదు. అదీ వాళ్ల ప్రోగ్రాము. "ఇవన్నీ కోర్టు చూసుకుంటుంది, సాఫ్ట్‌వేర్లో ఎందుకమ్మా?" అన్నాడట ఒక న్యాయనిర్ణేత. "మా నాయనమ్మ పట్టా పదకొండేళ్లుగా కోర్టులోనే ఉంది సార్" అని చెప్పి కూర్చుందట ఈమె. బహుమతి రాలేదు. కోడు సగమే నడిచింది, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేసరికి ఇచ్చిన టైము అయిపోయింది. కానీ ఆ గదిలో ఆ గడి సంగతి ఎత్తినవాళ్లు వీళ్లొక్కరే.

వాళ్లకు తెగని ముడి ఇంకొకటి ఉంది. బ్లాక్‌చెయిన్లో ఎవరి పేరు మీద ఉన్నదానికి వాళ్ల దగ్గరే ఒక రహస్యపు తాళంచెవి ఉంటుంది, పెద్ద అంకె లాంటిది. అది ఎవడికి చిక్కితే వాడే ఆసామి. ముసలవ్వ ఏటీఎం కార్డూ దాని నంబరూ ఇవాళ ఎవరి దగ్గర ఉంటున్నాయో మనకు తెలియదా? తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్న షావుకారు మనవడే రేపు "తాళంచెవి నా దగ్గర దాచుకో అవ్వా" అంటాడు. దీనికి జవాబు ఇంగ్లీషు పుస్తకాల్లో వెతికితే చాలదు. ఒక్కరి చేతిలో కాకుండా ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే తెరుచుకునే తాళాలు కూడా ఈ విద్యలో ఉన్నాయి. ఆ ముగ్గురూ ఎవరై ఉండాలన్నది వాడలో కూర్చొని తేల్చాల్సిన మాట. కొడుకా, సంఘమా, సర్పంచా? నాకైతే సర్పంచి మీద నమ్మకం లేదు.

ఆ జట్టు వచ్చే పోటీకి మళ్లీ పోతోంది. ఈసారి పోయేముందు హద్దురాళ్లు ఎరిగిన మా పాత తలారి దగ్గర రెండు రోజులు కూర్చుంటారు. దారి ఖర్చులకు సంఘం చందా వేస్తోంది. మన ఊళ్లలో ఎన్ని రకాలుగా పేర్లు మారాయో ప్రోగ్రాములో పెట్టి చూపించడానికి వాడల్లో డి-పట్టాల నకళ్లు పోగుచేస్తున్నాం. మీ ఊరివి కూడా పంపండి. జిరాక్సు చాలు, అసలు పట్టా మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మాక్కూడా.